కిటికీ మూసినా కంప్యూటరు మూతపడదు
లినక్స్‌పై ఆటలు, చిత్రాలు.. ఏవి నడుస్తాయి? ఏవి నడవవు?

మిరుదొడ్డి: విండోస్‌ 10 ఆపరేటింగ్‌ సిస్టంకు మైక్రోసాఫ్ట్‌ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును ముగించింది. అదనపు భద్రతా పథకంలో నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు గడువు ఇచ్చింది. పట్టణాల్లోని పెద్ద కార్యాలయాలకు ఇది కొత్త యంత్రాలు కొనే సందర్భం. సిద్దిపేట జిల్లాలోని మిరుదొడ్డి వంటి మండల కేంద్రాల్లో పరిస్థితి వేరు. ఇక్కడ ఇంటికి ఒక కంప్యూటరు ఉంటే అదే గొప్ప. పిల్లల చదువు, ఆటలు, పెద్దల సినిమాలు, దుకాణం లెక్కలు, దరఖాస్తులు అన్నీ దానిమీదే జరగాలి. చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని కేవలం మద్దతు ముగిసిందన్న కారణంతో మూలన పడేయాలా అన్నదే ఇప్పుడు అనేక కుటుంబాల ముందున్న ప్రశ్న.

విండోస్‌ 11కు మారదామంటే నిబంధనలు అడ్డొస్తున్నాయి. 2021లో విడుదలైన ఈ సిస్టంకు టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం తప్పనిసరి. ఇంటెల్‌ ప్రాసెసరు అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తరువాతిదై ఉండాలి. అంతకుముందు కొన్న కంప్యూటర్లు ఎంత బాగా నడుస్తున్నా ఈ పరీక్షలో నెగ్గవు. ఆటలాడే యువకులకు మరో చిక్కు ఉంది. ఆటల విక్రయ వేదిక స్టీమ్‌ 2024 జనవరి 1 నుంచి విండోస్‌ 7, 8లకు మద్దతు నిలిపివేసింది. ఇలాంటి యంత్రాలకు మిగిలిన దారి లినక్స్‌. ఇది ఉచితం. అయితే అందులో ఆటలు ఆడవచ్చా, సినిమాలు కనిపిస్తాయా, విండోస్‌ కోసం తయారైన ప్రోగ్రాములు పనిచేస్తాయా అన్న సందేహాలే చాలామందిని వెనక్కు లాగుతున్నాయి. 

చేతిలో ఉన్నది లినక్సే

ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్‌ టోర్వాల్డ్స్‌ 1991లో ప్రారంభించిన కెర్నెల్‌కు లినక్స్‌ అని పేరు. కంప్యూటరులోని యంత్రభాగాలకు, ప్రోగ్రాములకు మధ్య పెత్తనం చేసే భాగమే కెర్నెల్‌. ప్రతి ఆండ్రాయిడ్‌ ఫోనులోనూ పనిచేసేది ఈ లినక్స్‌ కెర్నెలే. పొలం గట్టున కూర్చుని ఫోనులో యూట్యూబ్‌ చూసే రైతు తనకు తెలియకుండానే లినక్స్‌ను వాడుతున్నాడు. కాబట్టి లినక్స్‌లో వీడియో చూడవచ్చా అన్న ప్రశ్నకు సగం సమాధానం ఆయన చేతిలోనే ఉంది. మిగిలిన సగమే కొంత క్లిష్టమైనది.

దుబాసీ వంటిది ‘వైన్‌’

విండోస్‌ ప్రోగ్రామును లినక్స్‌పై నడిపించే సాధనం పేరు వైన్‌. దీని పని తెలియాలంటే ఒక పోలిక చెప్పుకోవచ్చు. బతుకుదెరువుకు గల్ఫ్‌ దేశానికి వెళ్లిన మన కార్మికుడికి అక్కడి అరబ్బీ రాదు. పని మాత్రం చక్కగా వచ్చు. పక్కన ఒక దుబాసీ నిలబడి ఇతని మాటను వారికి, వారి మాటను ఇతనికి చెబితే పని సాగిపోతుంది. వైన్‌ అటువంటి దుబాసీ. 

విండోస్‌లోని ఈఎక్స్‌ఈ ఫైలు, లినక్స్‌లోని ప్రోగ్రాము రెండూ ప్రాసెసరుకు ఇచ్చే ఆదేశాలు ఒకే రకమైనవి. తేడా వచ్చేది ఆపరేటింగ్‌ సిస్టంను సాయం కోరేటప్పుడు. తెరపై కిటికీ తెరవాలన్నా, ఫైలు చదవాలన్నా, శబ్దం వినిపించాలన్నా విండోస్‌ ప్రోగ్రాము విండోస్‌ పద్ధతిలోనే అడుగుతుంది. ఆ అభ్యర్థనను వైన్‌ అందుకుని లినక్స్‌కు అర్థమయ్యే రీతిలో మార్చి అందిస్తుంది. మొత్తం విండోస్‌ కంప్యూటరునే నకలు చేయదు కనుక వేగం పెద్దగా తగ్గదు. ‘వైన్‌ అనుకరణ యంత్రం కాదు’ అన్న అర్థం వచ్చేలా దాని పేరును పెట్టారు. 

1993లో మొదలైన ఈ ప్రాజెక్టుకు 1994 నుంచి అలెగ్జాండ్ర్‌ జూలియార్డ్‌ నాయకత్వం వహిస్తున్నారు. తొలి సంపూర్ణ ప్రతి 1.0 వెలువడింది 2008 జూన్‌లో. అంటే పదిహేనేళ్లు పట్టింది. మైక్రోసాఫ్ట్‌ తన మూలసంకేతాన్ని ఇవ్వదు. విండోస్‌ ఏ ప్రశ్నకు ఏ సమాధానం ఇస్తుందో బయటి నుంచి గమనించి, అదే సమాధానం ఇచ్చే భాగాలను ఒక్కొక్కటిగా కొత్తగా రాసుకోవాల్సి రావడమే ఈ ఆలస్యానికి కారణం. 

ఆటలకు తెరుచుకున్న దారి

మామూలు ప్రోగ్రాముల కన్నా ఆటలు కష్టం. విండోస్‌ ఆటల్లో అధికశాతం బొమ్మలు గీయడానికి డైరెక్ట్‌3డీ అనే మైక్రోసాఫ్ట్‌ పద్ధతిని వాడతాయి. దానిని లినక్స్‌లోని ఓపెన్‌జీఎల్‌ పద్ధతిలోకి మార్చడంలో పాత రోజుల్లో వేగం బాగా పడిపోయేది. 2016లో క్రోనోస్‌ గ్రూప్‌ వల్కన్‌ అనే కొత్త పద్ధతిని విడుదల చేయడంతో పరిస్థితి మారింది. నియర్‌ ఆటోమాటా అనే ఆటను లినక్స్‌పై ఆడుకోవాలన్న కోరికతో ఫిలిప్‌ రెబోల్‌ అనే ప్రోగ్రామరు డైరెక్ట్‌3డీ ఆదేశాలను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకేను రాశారు. ఒక్క ఆట కోసం మొదలైన ఈ ప్రయత్నం వేల ఆటలకు దారి చూపింది. 

స్టీమ్‌ను నడిపే వాల్వ్‌ సంస్థ 2013 ఫిబ్రవరిలో లినక్స్‌కు తన అప్లికేషన్‌ను విడుదల చేసింది. 2018 ఆగస్టు 21న వైన్‌, డీఎక్స్‌వీకే తదితరాలను కలిపి ప్రొటాన్‌ పేరుతో అందించింది. అధికారికంగా ఆమోదించిన ఆటలు ఆనాడు 27 మాత్రమే. 2022 ఫిబ్రవరిలో ఇదే సంస్థ లినక్స్‌ ఆధారిత చేతి యంత్రం స్టీమ్‌ డెక్‌ను మార్కెట్‌లోకి తేవడంతో ఆటల తయారీదారులు సైతం లినక్స్‌ను పట్టించుకోక తప్పలేదు. స్టీమ్‌ తన వినియోగదారులపై జరిపే నెలవారీ సర్వేలో లినక్స్‌ వాటా 2025 అక్టోబరులో తొలిసారిగా 3 శాతం దాటింది. నూటికి ముగ్గురే అయినా, ఏళ్ల తరబడి ఒక శాతం దగ్గరే ఆగిపోయిన అంకె ఇది. 

వాడకం తేలికే. లినక్స్‌పై స్టీమ్‌ను అమర్చుకుని, సెట్టింగుల్లోని కంపాటిబిలిటీ విభాగంలో ప్రొటాన్‌ను ఎంచుకుంటే విండోస్‌ ఆటలు కూడా మామూలుగానే దిగుమతి అవుతాయి. ఏ ఆట ఎలా నడుస్తుందో ఆటగాళ్లే నమోదు చేసే ప్రొటాన్‌డీబీ వెబ్‌సైటులో ముందే చూసుకోవచ్చు. స్టీమ్‌లో లేని ఆటలకు లూట్రిస్‌, హీరోయిక్‌, బాటిల్స్‌ వంటి ఉచిత సాధనాలున్నాయి. 

పాత యంత్రానికి హద్దులు

ఇక్కడొక జాగ్రత్త అవసరం. లినక్స్‌ వేస్తే పాత కంప్యూటరు కొత్తదైపోదు. డీఎక్స్‌వీకే రెండో తరం ప్రతులకు వల్కన్‌ 1.3 తప్పనిసరి. ఇంటెల్‌ మూడు, నాలుగో తరం ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌ భాగానికి ఆ సామర్థ్యం లేదు. అటువంటి యంత్రాల్లో పాత డీఎక్స్‌వీకేతో గానీ, వైన్‌లోని ఓపెన్‌జీఎల్‌ మార్గంతో గానీ సరిపెట్టుకోవాలి. భారీ కొత్త ఆటలు వాటిపై విండోస్‌లోనూ నడవవు, లినక్స్‌లోనూ నడవవు.

అయితే ఊళ్లలో యువకులు ఇష్టపడే పాత ఆటలకు ఆ హద్దు పెద్దగా అడ్డురాదు. కౌంటర్‌ స్ట్రైక్‌ 1.6కు 2013 నుంచి నేరుగా లినక్స్‌ ప్రతి ఉంది. దుబాసీ అక్కరలేదు. కార్టు పందేల సూపర్‌టక్స్‌కార్ట్‌, ప్రాచీన సామ్రాజ్యాల యుద్ధాలను చూపే 0 ఏ.డీ., వ్యూహాలకు పదును పెట్టే బ్యాటిల్‌ ఫర్‌ వెస్నాత్‌ వంటివి పూర్తిగా ఉచితం. చిన్నపిల్లలకు లెక్కలు, అక్షరాలు, బొమ్మలతో కూడిన జీకాంప్రీ ఉంది. 

ఎందుకు కొన్ని ఆటలు ససేమిరా?

ప్రొటాన్‌ ఎంత ఎదిగినా కొన్ని ప్రసిద్ధ ఆటలు లినక్స్‌పై తెరుచుకోవు. దీనికి కారణం ఆట కాదు, దానికి కాపలా కాసే మోసనిరోధక ప్రోగ్రాము. అంతర్జాలంలో పదిమందితో ఆడే ఆటల్లో గోడల అవతల ఉన్నవారిని చూడటం, గురి దానంతటదే కుదరడం వంటి మోసాలకు కొందరు పాల్పడతారు. వీటిని పట్టుకునేందుకు సంస్థలు తమ కాపలా ప్రోగ్రామును ఏకంగా విండోస్‌ కెర్నెల్‌లోనే కూర్చోబెడుతున్నాయి. వైన్‌ అనే దుబాసీ కెర్నెల్‌ గడప దాటి లోపలికి వెళ్లదు. విండోస్‌ కెర్నెల్‌ కోసం రాసిన కాపలాదారుకు లినక్స్‌లో కూర్చునే చోటే లేదు. 

ఈజీ యాంటీ చీట్‌, బ్యాటిల్‌ఐ అనే రెండు కాపలా వ్యవస్థలు ప్రొటాన్‌కు మద్దతిస్తామని 2021 సెప్టెంబరులో ప్రకటించాయి. కానీ అనుమతించాలా వద్దా అన్న నిర్ణయం ఆట తయారీదారుదే. వాలరంట్‌, ఫోర్ట్‌నైట్‌ లినక్స్‌ను అనుమతించడం లేదు. లీగ్‌ ఆఫ్‌ లెజెండ్స్‌ 2024లో కొత్త కాపలా వ్యవస్థతో లినక్స్‌ ఆటగాళ్లకు దూరమైంది. అప్పటిదాకా నడిచిన ఏపెక్స్‌ లెజెండ్స్‌ను 2024 అక్టోబరు 31న లినక్స్‌పై నిలిపివేశారు. అదే ఏడాది సెప్టెంబరులో జీటీఏ 5లోని ఆన్‌లైన్‌ విభాగానికీ తలుపు మూశారు. ఒంటరిగా ఆడుకునే కథా విభాగం మాత్రం యథాతథంగా నడుస్తోంది. ఈ ఆటల కోసమే కంప్యూటరు వాడేవారు లినక్స్‌కు మారితే నిరాశ తప్పదు. నేడు నడిచే ఆట రేపు ఆగిపోవచ్చన్నదీ గుర్తుంచుకోవాలి. 

సినిమాకు తాళం, తాళంచెవి

వీడియోల విషయంలో రెండు రకాలున్నాయి. యూట్యూబ్‌లో వచ్చేవి తాళం లేనివి. ఏ బ్రౌజరులోనైనా కనిపిస్తాయి. నెట్‌ఫ్లిక్స్‌, ప్రైమ్‌ వీడియో, ఆహా వంటి ఓటీటీ వేదికలు చిత్రాలను సంకేతీకరించి, అంటే తాళం వేసి పంపుతాయి. చందాదారుడి బ్రౌజరులోని ఒక భాగం సర్వరు నుంచి తాళంచెవి తెచ్చుకుని, కాపీ చేసుకునే వీలు లేకుండా చిత్రాన్ని తెరపై చూపుతుంది. లినక్స్‌లో ఈ పని చేసేది గూగుల్‌కు చెందిన వైడ్‌వైన్‌. 

ఒకప్పుడు నెట్‌ఫ్లిక్స్‌కు మైక్రోసాఫ్ట్‌ వారి సిల్వర్‌లైట్‌ కావాల్సి వచ్చేది. అది లినక్స్‌కు లేదు. 2014 అక్టోబరులో క్రోమ్‌ బ్రౌజరు ద్వారా లినక్స్‌పై నెట్‌ఫ్లిక్స్‌ అధికారికంగా మొదలైంది. 2016లో ఫైర్‌ఫాక్స్‌ కూడా లినక్స్‌లో వైడ్‌వైన్‌కు చోటిచ్చింది. క్రోమియం అనే బ్రౌజరులో మాత్రం ఇది ముందుగా ఉండదు. ‘లినక్స్‌లో సినిమాలు రావు’ అన్న ఫిర్యాదుల వెనుక కొన్నిసార్లు ఉండేది ఈ చిన్న తేడానే. ఫైర్‌ఫాక్స్‌లో అయితే సెట్టింగుల్లో డీఆర్‌ఎం అనుమతిని ఒకసారి ఇవ్వాలి. 

చిత్ర నాణ్యతలో మాత్రం రాజీ తప్పదు. వైడ్‌వైన్‌లో భద్రతా స్థాయిలున్నాయి. ఉన్నత స్థాయికి తాళం తీసే పని యంత్రంలోని రక్షిత భాగంలోనే జరగాలి. ఆండ్రాయిడ్‌ ఫోన్లు, టీవీలలో ఆ ఏర్పాటు ఉంటుంది. మామూలు లినక్స్‌ కంప్యూటరులో ఆ పని సాఫ్ట్‌వేరు ద్వారా జరుగుతుంది కనుక ఓటీటీ వేదికలు తక్కువ స్పష్టత గల చిత్రాన్నే పంపుతుంటాయి. 4కే స్థాయి ఆశించరాదు. డిస్నీ ప్లస్‌ 2019 చివర్లో ప్రారంభమైనప్పుడు లినక్స్‌పై అసలే కనిపించలేదు. తరువాత భద్రతా నిబంధన సడలించడంతో వచ్చింది. నిర్ణయం లినక్స్‌ది కాదు, చిత్రాల హక్కుదారులదేనని దీనిని బట్టి తెలుస్తోంది. ఏడాది చందా కట్టేముందు లినక్స్‌పై ఒకసారి ఆడించి చూసుకోవడం మేలు. 

వీడియో ఆగి ఆగి వస్తోందా?

యూట్యూబ్‌ చూస్తుండగా పాత కంప్యూటరు వేడెక్కి, బొమ్మ ఆగి ఆగి వస్తే తప్పంతా అంతర్జాలానిదే కాకపోవచ్చు. వీడియోను కుదించే పద్ధతులు అనేకం. యూట్యూబ్‌ ఇప్పుడు వీపీ9, ఏవీ1 అనే కొత్త పద్ధతులను ఎక్కువగా వాడుతోంది. వీటిలో డేటా ఖర్చు తక్కువ, విప్పే శ్రమ ఎక్కువ. ఇంటెల్‌ ప్రాసెసర్లలో వీపీ9ను విప్పే ప్రత్యేక భాగం పూర్తిస్థాయిలో ఏడో తరం నుంచే ఉంది. అంతకన్నా పాతవాటిలో భారమంతా ప్రాసెసరుపై పడుతుంది. పాత పద్ధతి అయిన హెచ్‌.264ను రెండో తరం యంత్రం కూడా తేలికగా విప్పగలదు. ఈ పద్ధతిలోనే వీడియో పంపమని యూట్యూబ్‌ను కోరే ఉచిత పొడిగింపులు బ్రౌజర్లకు లభిస్తున్నాయి. స్పష్టతను 720పికి తగ్గించుకున్నా ఊరట కలుగుతుంది. పెన్‌డ్రైవ్‌లోని చిత్రాలకు వీఎల్‌సీ ప్లేయరు ఉండనే ఉంది. పారిస్‌లోని ఇంజినీరింగ్‌ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై 2001లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా విడుదలైన ఇది విండోస్‌లో ఎలా ఉంటుందో లినక్స్‌లోనూ అలాగే ఉంటుంది. 

స్టూడియోలు, డీటీపీ కేంద్రాలకు..

పెళ్లిళ్లు, జాతరలను యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసే ఫొటో స్టూడియోలు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నాయి. అందుకు వాడే ఓబీఎస్‌ స్టూడియో లినక్స్‌కు నేరుగా లభిస్తోంది. వీడియో కూర్పుకు కేడెన్‌లైవ్‌, షాట్‌కట్‌ ఉన్నాయి. డావిన్సీ రిసాల్వ్‌కు లినక్స్‌ ప్రతి ఉన్నా, దాని ఉచిత రూపం హెచ్‌.264 వీడియోలను లినక్స్‌లో తీసుకోదు. చాలా కెమెరాలు, ఫోన్లు ఇచ్చేది ఆ రూపమే కనుక ముందుగా వాటిని మార్చుకోవాల్సి ఉంటుంది. 

డీటీపీ కేంద్రాల పరిస్థితి మరింత సున్నితం. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీల తయారీలో పేజ్‌మేకర్‌, ఫొటోషాప్‌, కోరల్‌డ్రాలతో పాటు అను ఫాంట్ల వాడకం స్థిరపడిపోయింది. ఇవి యూనికోడ్‌కు ముందునాటి పద్ధతివి. అందులో తెలుగు అక్షరం కంప్యూటరు లోపల మరో అక్షరపు సంఖ్యగా నిల్వ అవుతుంది. ఫాంటు లేనిచోట ఆ ఫైలు తెరిస్తే గజిబిజి గుర్తులే కనిపిస్తాయి. ఫాంటును లినక్స్‌లో అమర్చి పాత పాఠాన్ని చూడగలిగినా, టైపు చేయించే కీబోర్డు ప్రోగ్రాము విండోస్‌ది కావడంతో వైన్‌పై ఆధారపడి వ్యాపారం నడపడం సాహసమే. ఫొటోషాప్‌ పాత ప్రతులు కొన్ని వైన్‌పై నడిచినా కొత్తవాటితో ఇబ్బందులున్నాయి. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్‌ సంతకపు టోకెన్లు వాడే సేవా కేంద్రాలు కూడా తమ పరికరాలకు లినక్స్‌ డ్రైవరు ఉందో లేదో నిర్ధారించుకోనిదే మారరాదు. దుకాణాల్లో విరివిగా కనిపించే కెనాన్‌ ఎల్‌బీపీ 2900 ముద్రణ యంత్రానికి సైతం ప్రత్యేక డ్రైవరు కావాలి. దానిని అమర్చడం కొత్తవారికి శ్రమతో కూడిన పని. 

కొత్తగా కేంద్రం పెట్టేవారికి మాత్రం మంచి అవకాశమే ఉంది. పుటల కూర్పునకు వాడే ఉచిత ప్రోగ్రాము స్క్రైబస్‌ 2024 జనవరిలో వెలువడిన 1.6 ప్రతితో తెలుగు వంటి లిపుల ఒత్తులు, గుణింతాలను సరిగా కూర్చగలుగుతోంది. ఫొటోలకు జింప్‌, గీతల బొమ్మలకు ఇంక్‌స్కేప్‌, ఉత్తరాలు, లెక్కలకు లిబ్రే ఆఫీస్‌ ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన వంటి యూనికోడ్‌ ఫాంట్లు, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, మల్లన్న, రామభద్ర తదితర ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి. 

తెలుగులో లినక్స్‌

లినక్స్‌ అంటే ఆంగ్లం వచ్చినవారికే అన్న అపోహ సరికాదు. హైదరాబాద్‌ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనిని భుజానికెత్తుకుంది. ఇంజినీరింగ్‌ కళాశాలల విద్యార్థులు ఇందులో పాలుపంచుకున్నారు. పిల్లల కోసం బాల స్వేచ్ఛ రూపుదిద్దుకుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌ 2007లో విడుదల చేసిన బాస్‌ లినక్స్‌లోనూ తెలుగుకు చోటుంది. పొరుగున ఉన్న కేరళలో ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్‌ విద్య ఏళ్లుగా లినక్స్‌పైనే సాగుతుండటం విశేషం. అక్కడి పిల్లలకు సాధ్యమైనది ఇక్కడి పిల్లలకు అసాధ్యం కాబోదు. 

మారే ముందు ఇవి చూడండి

* ముందుగా ఫొటోలు, ధ్రువపత్రాలు, పట్టాదారు పాసుపుస్తకాల నకళ్లను వేరే డిస్కులో భద్రపరచుకోవాలి. అమర్చేటప్పుడు ఒక్క మీట తప్పుగా నొక్కినా మొత్తం చెరిగిపోయే ప్రమాదముంది. 

* లినక్స్‌ మింట్‌, ఉబుంటు వంటివాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కంప్యూటరులో అమర్చకుండానే పరీక్షించవచ్చు. మింట్‌ దిగుమతికి సుమారు 3 జీబీ డేటా అవుతుంది. వైఫై, శబ్దం, ముద్రణ యంత్రం, చందా ఉన్న ఓటీటీ.. ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాకే ముందడుగు వేయాలి. 4 జీబీ ర్యామ్‌ ఉన్న యంత్రానికి మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం అనువైనది. 

* విండోస్‌ను పూర్తిగా తీసేయనవసరం లేదు. ఒకే కంప్యూటరులో రెండింటినీ ఉంచుకుని, తెరిచేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు. అంతర్జాలం, బ్యాంకు పనులు లినక్స్‌లో, తప్పనిసరి పాత ప్రోగ్రాములు అంతర్జాలం తీసేసిన విండోస్‌లో చేసుకోవడం మధ్యేమార్గం. 

* ఆటలను విండోస్‌ వాడే డిస్కు భాగంలో ఉంచి ప్రొటాన్‌తో నడిపితే చిక్కులు రావచ్చు. లినక్స్‌ భాగంలోనే ఉంచడం మంచిది. 

* వైన్‌ ఉంది కదా అని ఎక్కడ దొరికిన ఈఎక్స్‌ఈ ఫైలునైనా తెరవరాదు. విండోస్‌ వైరస్‌ కూడా ఒక ప్రోగ్రామే. దుబాసీ దాని మాటను కూడా తర్జుమా చేస్తాడు. వినియోగదారుడి ఫైళ్లన్నీ దానికి అందుబాటులో ఉంటాయన్నది మరువరాదు. 

చదువు, అంతర్జాలం, యూట్యూబ్‌, పాత ఆటలు, ఉత్తరప్రత్యుత్తరాలు.. ఇంతవరకే అవసరమున్న ఇంట్లో లినక్స్‌ ఇప్పటికే సరిపోతుంది. వాలరంట్‌ ఆడే యువకుడు, అను ఫాంట్లపై బతికే డీటీపీ నిర్వాహకుడు, వేలిముద్ర యంత్రంతో పనిచేసే సేవా కేంద్రం మాత్రం తొందరపడరాదు. ఇంట్లోని యంత్రం ఏ పనికి కావాలో ఒక కాగితంపై రాసుకుని, ఒక్కొక్కటీ పెన్‌డ్రైవ్‌ నుంచి పరీక్షించి చూస్తే ఎవరి దారి ఏదో ఒక్క ఆదివారంలో తేలిపోతుంది. అందుకు పైసా ఖర్చు లేదు. తేలకముందే యంత్రాన్ని పాతసామాను వారికి ఇచ్చేస్తేనే నష్టం.